నేను చెప్పేదాకా బరువు పెంచకు

లాండ్రీ, వెనక గది
సోమవారం పొద్దున్న

మహాబలులైన అన్నయ్యగారి పాదాలకి (బూట్లు విప్పి, మేజోళ్ళు ఉతికించిన తర్వాత మాత్రమే) చెల్లెలు నమస్కరించి రాసుకునే విన్నపం.

ఇక్కడ నాన్న క్షేమం, అమ్మ క్షేమం. పిండే యంత్రం మాత్రం మళ్ళీ మూలుగుతోంది. ఫోన్ ఉండగా ఉత్తరమేమిటని నువ్వు కనుబొమ్మలు ఎగరేస్తావని తెలుసు. ఇంటి ఫోన్ కౌంటర్ మీద ఉంటుంది. స్పీకర్లో పెట్టి వీధంతా వినేట్టు మాట్లాడితే గానీ నాన్నకి మాట్లాడినట్టుండదు. నా ఫోన్ పోయిన నెల నానబెట్టే తొట్టిలో పడి, వేడినీళ్ళలో నలభై నిమిషాలు నాని, మరకలన్నీ వదిలి శుభ్రంగా చచ్చిపోయింది. పైగా నాకు కావలసింది గోడకి అంటించుకునే కాగితం.

ఇక విషయం. నవ్వకుండా చదువు. నవ్వక తప్పదనుకుంటే కూర్చుని నవ్వు, నిలబడి నవ్వితే నీ కండలు ఒకదానికొకటి తగిలి ఎవరికైనా దెబ్బలు తగులుతాయి.

అంబులెన్స్‌లో సహాయకుల ఉద్యోగాలు పడ్డాయి. నీకు కూడా చెప్పకుండా రాత పరీక్ష రాశాను. పాసయ్యాను. మూడేళ్ళు డిగ్రీ చదివి నేను సంపాదించిన జ్ఞానం మొదటిసారి ఎవరికో పనికొచ్చింది. మిగిలింది బల పరీక్ష. నలభై కిలోల ఇసుక బస్తాని నేల మీద నుంచి ఎత్తుకోవాలి. మెట్ల మీదుగా మూడో అంతస్తుకి చేర్చాలి. మధ్యలో దించకూడదు. దించితే అట్నుంచటే ఇంటికి. ఇంకా ఇరవై వారాలుంది. వచ్చే ఏటికి నాకు వయసు దాటిపోతుంది కాబట్టి ఇదే మొదటిదీ, ఇదే ఆఖరిదీ.

నా ప్రస్తుత బలం సంగతి నీకు తెలిసిందే. సీసా మూత రాకపోతే అమ్మని కేకేస్తాను. మన దగ్గర తడి మూటలన్నీ చక్రాల బండి మీదే పోతాయి, నేను తోస్తానంతే. మిగతా రోజంతా ఇస్త్రీ బల్ల, కౌంటర్, గుర్తు చీటీలు.

ఇంట్లో చెప్పలేదు. నిన్న దుప్పట్లు ఇస్త్రీ చేస్తూ నాన్న మనసు ఎలా ఉందో చూద్దామనుకున్నాను.

"నాన్నా, నేను వేరే ఉద్యోగం చూసుకుంటే ఎలా ఉంటుంది?"

"ఆ అంచు పట్టుకో."

"పట్టుకున్నా. ఎలా ఉంటుంది?"

"వదిలేశావ్. చూడు, నేలకి తగిలింది."

అంతటితో సభ ముగిసింది.

గురువర్యా, ఏం కొనాలో చెప్పు. ఇనప రాడ్డా, డంబెల్సా, ఇనప బంతికి పిడి పెట్టినట్టు ఉంటుందే, అదా? వీధి చివర వ్యాయామ సామాన్ల దుకాణంలోకి అద్దంలోంచి తొంగి చూశాను. ఏది బలం రావడానికో, ఏది నేరం ఒప్పించడానికో తెలియలేదు. వారానికి ఎన్ని రోజులు చెయ్యాలి, ఏది ఎన్నిసార్లు చెయ్యాలి, అంతా రాయి. నువ్వు ఒంటికాలి మీద నిలబడమంటే ఏ కాలు అని మాత్రమే అడుగుతాను.

నీ శిష్యురాలు,
పిచ్చుక


జిమ్, రెండో అంతస్తు
శుక్రవారం

పిచ్చుకా,

నీ ఉత్తరం ఇక్కడ అందరికీ చదివి వినిపించాను. నిలబడే నవ్వాం, ఎవరికీ ఏమీ కాలేదు. తర్వాత ఒక్కణ్ణే కూర్చుని మళ్ళీ చదివాను. రాత పరీక్ష పాసయ్యావా! మన ఇంట్లో బుర్ర నీకొచ్చిందనీ, ఒళ్ళు నాకొచ్చిందనీ అమ్మ ఎప్పుడూ అనేదే.

ఇప్పుడు అన్నయ్యగా కాదు, కోచ్‌గా చెప్తున్నాను. మొదటిసారి బరువులు పట్టేవాళ్ళని చెడగొట్టేది ఒక్కటే, తొందర. రాడ్డు, దానికి తగిలించే బరువు ప్లేట్ల జోలికి పోకు. రెండు కిలోల డంబెల్స్ ఒక జత, ఒక రబ్బరు బ్యాండు, ఒక చాప, అంతే కొను.

సోమ, బుధ, శుక్రవారాలు పొద్దున్నే చెయ్యి. బస్కీలు పదిహేను చొప్పున మూడు విడతలు. గోడకి చేతులానించి దండీలు పది. ముందుకు వంగి డంబెల్స్‌ని పక్కటెముకల దాకా లాగడం పన్నెండు. చివర్లో రెండు చేతుల్లో డంబెల్స్ పట్టుకుని గదిలో అటూ ఇటూ నడక. మధ్య రోజుల్లో విశ్రాంతి.

ఒక్కటి మాత్రం పెద్ద అక్షరాల్లో రాసి గోడకి అంటించు: నేను చెప్పేదాకా బరువు పెంచకు. ముందు ఒళ్ళు కదలిక నేర్చుకోవాలి. బరువు దానంతటదే వస్తుంది.

ఇంట్లో ఇప్పుడే నోరు జారకు. సమయం చూసి నాన్నతో నేను మాట్లాడతాను. అది నా మీద వదిలెయ్.

అన్నయ్య


లాండ్రీ, వెనక గది
ఆరో వారం, బుధవారం

గురువర్యా,

మీ ఆజ్ఞ శిరసావహించి ఆరో వారంలోకి వచ్చాను. ఒక్క పూట కూడా మానలేదు. జ్వరం వచ్చిన రోజు కూడా చేశాను. థర్మామీటర్ నోట్లో పెట్టుకుని బస్కీలు తీయడంలో ఒక హుందా ఉంది.

డంబెల్స్ కొన్న కథ చెప్పలేదు కదూ. దుకాణం నడిపేది ఒకావిడ. ఒకప్పుడు బరువులెత్తే పోటీలకి వెళ్ళేదట. యాభై ఏళ్ళు దాటినా భుజాలు తలుపు రెక్కల్లా ఉన్నాయి. రెండు కిలోలవి అడిగితే గులాబీ రంగువి తీసి, "పాపకా?" అంది. "కాదండీ, నాకే" అన్నాను. నన్ను పైనుంచి కిందికి చూసి, "మొదలుపెట్టడానికైతే పరవాలేదు, త్వరలో మళ్ళీ వస్తావుగా" అంది. అమ్ముకునేవాళ్ళ మాట అనుకున్నాను.

మొన్న అమ్మ తలుపు తోసుకుని వచ్చింది. నేను పదమూడో బస్కీ మీద ఉన్నాను.

"ఏం పోయిందే, అలా వెతుకుతున్నావ్?"

"మనశ్శాంతి."

"మంచం కింద చూడు" అని నవ్వుకుంటూ వెళ్ళిపోయింది. అనుమానం రాలేదు. నటనలో నాకు తిరుగులేదు.

గురువర్యా, చిన్న మనవి. ఈ రెండు కిలోలు ఇప్పుడు చేతిలో ఉన్నట్టే తెలియడం లేదు. పోయిన శుక్రవారం డంబెల్ ఎత్తుతూ ఆవలించాను. దాన్ని పట్టుకునే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాను. అయిదు కిలోలకి వెళ్ళనా? బస్తా నలభై కిలోలని దాని మీదే రాసుంటుందట.

శిష్యురాలు


జిమ్, రెండో అంతస్తు
సోమవారం

పిచ్చుకా,

వద్దు. తేలిగ్గా అనిపిస్తోందంటే పద్ధతి పనిచేస్తోందన్నమాట. ఇప్పుడు బరువు మారిస్తే ఇన్నాళ్ళ పని బూడిదలో పోసినట్టే. నా దగ్గర ఇలా తొందరపడ్డవాళ్ళని చాలామందిని చూశాను. నడుం పట్టుకుని మంచమెక్కారు. నువ్వు నన్ను నమ్ముతున్నావా లేదా?

కావాలంటే పదిహేనుని ఇరవై చెయ్యి. బరువు మాత్రం అదే.

నాన్న పనికి మనిషిని పెట్టుకునే మాట ఏమైనా ఎత్తుతున్నాడా? ఊరికే అడుగుతున్నా.

అన్నయ్య


లాండ్రీ, వెనక గది
పన్నెండో వారం, శనివారం

అన్నయ్యా,

నిన్న రబ్బరు బ్యాండు తెగింది. కొత్తది కొనడానికి దుకాణానికి వెళ్ళాను. ఆవిడ గుర్తుపట్టింది.

"ఇప్పుడెంత ఎత్తుతున్నావ్?"

"రెండు కిలోలండీ."

"ఒంటి చేత్తో ఎంతని కాదమ్మా. మొత్తం."

"రెండూ రెండూ, నాలుగండీ."

ఆవిడ చేతిలో ఉన్న బిల్లు పుస్తకం మూసేసింది. "మూడు నెల్లుగా అదేనా? పరీక్షేదో ఉందన్నావు. నీకిది రాసిచ్చిందెవరు?"

"మా అన్నయ్య. జిమ్‌లో కోచ్."

పరీక్షలో ఎంత బరువు ఎత్తాలో అడిగింది. నన్ను వెనక్కి తీసుకెళ్ళి నలభై కిలోల ఇసుక సంచి చూపించి, ఎత్తమంది. ఎలా కూర్చోవాలో, చేతులు ఎక్కడ పెట్టాలో చూపించింది. మోకాళ్ళ దాకా వచ్చింది. అక్కడే నిలిచిపోయింది. నేను దాన్నీ, అది నన్నూ చూసుకున్నాం. దించేశాను.

"నీలో బలం లేక కాదు" అంది. "ఒంటికి నిన్నటికంటే కొంచెం ఎక్కువ పని చెప్తేనే అది పెరుగుతుంది. వారం వారం కాస్త కాస్త పెంచాలి. ఇది మొదటి రోజే చెప్పే మాట. కోచ్‌కి తెలియకపోవడం ఉండదు."

నీ తరఫున వాదించాను. మా అన్నయ్యకి జాగ్రత్త ఎక్కువండీ అన్నాను. ఇంటికొచ్చి కూడా వాదిస్తూనే ఉన్నాను, గోడతో. అప్పుడు అటకెక్కి నీ పాత సామాను దించాను. నువ్వు మొదటిసారి జిమ్‌కి వెళ్ళినప్పటి నోటు పుస్తకం దొరికింది, నీలం అట్టది. మొదటి వారం ఇరవై కిలోలు. రెండో వారం ఇరవై రెండున్నర. మూడో వారం ఇరవై అయిదు. పన్నెండో వారం నలభై ఏడున్నర. పక్కన మార్జిన్లో నీ దస్తూరీతోనే ఉంది: "కొంచెమైనా పెంచని వారం దండగ."

పన్నెండు వారాలు, అన్నయ్యా. నాకు పన్నెండూ దండగేనన్నమాట.

ఏదో కారణం ఉండే ఉంటుంది. నాకు తట్టడం లేదంతే. నువ్వే చెప్పు. నమ్మడానికి నేను సిద్ధంగా కూర్చున్నాను, కాస్త నమ్మదగ్గది రాయి.

పిచ్చుక


జిమ్, రెండో అంతస్తు
గురువారం

పిచ్చుకా,

ఆ పుస్తకం పద్దెనిమిదేళ్ళ మగపిల్లాడిది. నీ ఒళ్ళు వేరు, నీ వయసు వేరు. నీ నడుం గురించే నా బెంగంతా. సామాన్లు అమ్ముకునే ఆవిడ బరువు పెంచమనక ఏమంటుంది? ఆవిడకి ప్లేట్లు అమ్ముడుపోవాలి.

ఇంత చిన్న విషయానికి నన్ను అనుమానిస్తావనుకోలేదు. నాకు బాధగా ఉంది.

అన్నయ్య


లాండ్రీ, ఇస్త్రీ బల్ల మీద
మంగళవారం

కోచ్‌గారికి,

మీ బాధ అందింది. ఉతికి, ఇస్త్రీ చేసి తిప్పి పంపుతున్నాను.

నా నడుం గురించి మీరు బెంగపడ్డారని చదివి కళ్ళు చెమర్చాయి. మూడేళ్ళుగా పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఈ బల్ల మీద వంగి ఉన్నదీ ఈ నడుమే. అప్పుడు మీకు బెంగ కలగలేదు. దూరాభారం కదా, కనిపించి ఉండదు.

నిన్న నాన్నా నేనూ ఆసుపత్రి దుప్పట్లు మడత పెడుతున్నాం. చెరో కొసా పట్టుకుని ఒకరి దగ్గరకొకరు నడిచొచ్చి అంచులు కలుపుతాం కదా. అలా దగ్గరకొచ్చినప్పుడు, అంచు అందిస్తూ, మామూలుగా అడిగాడు.

"పరీక్షకి ఇంకెన్నాళ్ళుంది?"

నా చేతిలో అంచు జారింది. "ఏ పరీక్ష?"

"అదేనమ్మా, బస్తాది. అన్నయ్య మొదటి నెల్లోనే చెప్పాడులే."

"ఏమని చెప్పాడు?"

"అదేదో సరదా పడుతోంది, ఆపకండి, ఏమీ ఎరగనట్టుండండి, ఎటూ పరీక్ష పోతుంది అన్నాడు."

"పాసైతే?"

"పాసైతే వాడొచ్చేస్తాడుగా. ఇల్లు వదిలి వెళ్ళేటప్పుడు ఒప్పుకున్న మాటేగా అది. ఇద్దరిలో ఒకరు ఇక్కడుండాలని. నీకు తెలియదా?"

నాకు తెలియదు, అన్నయ్యా. అప్పుడు నేను డిగ్రీ మొదటి ఏడు. ఆ ఒప్పందంలో ఉన్న రెండో మనిషిని నేనే. నన్నెవరూ సంతకం అడగలేదు.

ఊరంతా వినేట్టు మాట్లాడే నాన్న ఆ ఒక్క ఫోన్ మాత్రం స్పీకర్లో పెట్టలేదు, చూశావా. నువ్వు పెట్టొద్దన్నావట. నేను తలుపేసుకుని బస్కీలు తీస్తుంటే, ఇవతల ఇద్దరూ టీ తాగుతూ, పాపం తీస్తోంది అనుకుంటూ ఉన్నారన్నమాట. మనశ్శాంతి మంచం కింద వెతుక్కోమన్న అమ్మకీ తెలుసు. ఈ ఇంట్లో ఏమీ తెలియనిది ఇద్దరికే, నాకూ పిండే యంత్రానికీ.

నీ నీలం పుస్తకాన్నీ, నువ్వు నాకు రాసిచ్చిన కాగితాన్నీ నాన్న ముందు పక్కపక్కన పెట్టాను. కళ్ళజోడు తెచ్చుకుని రెండూ చదివాడు. రెండోసారి చదివాడు. "నీ వల్ల కాదేమోననే అనుకున్నానమ్మా. వీడు కానివ్వలేదని తెలియదు" అన్నాడు.

ఇంకా ఏడు వారాలుంది. దుకాణం ఆవిడని అడిగి నా పద్ధతి నేనే పెట్టుకున్నాను. ఆసుపత్రి దుప్పట్లు తడిపి, పిండకుండా రెక్సిన్ సంచిలో కుక్కి, తూకం మీద పెడుతున్నాను. మొదటి రోజు పద్దెనిమిది కిలోలు. ఎత్తి, గుండెకి హత్తుకుని, డాబా మెట్లు ఎక్కుతాను. ఎక్కిన ప్రతి పొద్దుటా సంచిలో ఇంకో తడి దుప్పటి పడుతుంది. ఒక్కోటీ కిలో చిల్లర. పైకి చేరాక ఆరేసేస్తాను, పని కూడా అయిపోతుంది. సంచిలోంచి కారిన నీళ్ళని నాన్న నా వెనకే తుడుచుకుంటూ వస్తున్నాడు. నేను జారకూడదని.

ఇకమీదట నాకు సలహా రాయకు.

చెల్లెలు


జిమ్, రెండో అంతస్తు
ఆదివారం

చెల్లీ,

నీ ఉత్తరం వచ్చి రెండు వారాలైంది. నాలుగుసార్లు జవాబు రాసి చింపేశాను. నాలుగింట్లోనూ తప్పు ఇంకెవరిదో అయింది.

నువ్వు రాత పరీక్ష పాసయ్యావని చదవగానే నాకు సంతోషం కలగలేదు. నాన్నకిచ్చిన మాట గుర్తొచ్చింది. నువ్వెళ్ళిపోతే నాకు ఫోన్ వస్తుంది. ఆ గది, ఆ ఆవిరి, ఆ తడి గుడ్డల వాసన మళ్ళీ నాకు. ఇక్కడికొచ్చాకే నాకంటూ ఒక పేరొచ్చింది. అక్కడ నేను లాండ్రీ ఆయన కొడుకుని. నువ్వు అడిగింది ప్లాను. నేనిచ్చింది కూడా ప్లానులాగే కనిపించాలి, పని మాత్రం చెయ్యకూడదు. ఆ కాగితం రాయడానికి ఒక పూట పట్టింది. అంత శ్రద్ధగా నేను ఎవరికీ రాసివ్వలేదు. నీకు దెబ్బ తగలకుండా కూడా చూసుకున్నాను. అది నా మంచితనం అనుకున్నాను.

నువ్వు సలహా వద్దన్నావు. అయినా నాలుగు వారాల ప్లాను ఒక కాగితం మీద రాసి ఇందులో పెడుతున్నాను. ఇది నిజమైనది. ముప్పై ఆరు కిలోల దగ్గర తూకం పెంచడం ఆపి, మెట్లు పెంచు. ఆఖరి వారం మాత్రం ఏమీ ఎత్తకు. పూర్తిగా విశ్రాంతి. ఒళ్ళు అలిసిపోయి పరీక్షకి వెళ్తే ఉన్న బలం కూడా అందదు. ఇదొక్కటి విను.

పాసైతే నేనొస్తాను. మాట తప్పను.

అన్నయ్య


లాండ్రీ, కౌంటర్
బుధవారం

అన్నయ్యా,

ఫలితం అడుగుతూ నువ్వు అమ్మకి రెండుసార్లు ఫోన్ చేశావట. నేనే రాస్తానని చెప్పించాను.

నీ కాగితం చదివాను. దుకాణం ఆవిడకి చూపిద్దామనుకుంటే ఆవిడ పరీక్ష అయ్యేదాకా ఊళ్ళో లేదు. మొదటి మూడు వారాలకి రాసింది నా లెక్కకి కూడా సరిగ్గానే ఉంది, చేశాను. ముప్పై ఆరు దాకా వెళ్ళాను. ఆఖరి వారం దగ్గరకొచ్చేసరికి కాగితం పట్టుకుని మంచం మీద కూర్చున్నాను. ఏమీ ఎత్తకు అని రాశావు. ముందూ ఇదేగా రాశావు, మాటలే కొంచెం వేరు అనిపించింది. చాలాసేపు కూర్చున్నాను. తర్వాత లేచి సంచి నింపాను. ఆ వారమంతా రోజూ ఎక్కాను, రెండేసిసార్లు. పరీక్ష ముందు రోజు కూడా. అమ్మ వద్దంటే అమ్మ మీద అరిచాను.

పరీక్ష రోజున బస్తా లేచింది. మొదటి అంతస్తు తెలియకుండానే వెళ్ళిపోయింది. రెండోది కూడా ఎక్కాను. మూడో అంతస్తుకి తొమ్మిది మెట్లు ఉండగా వేళ్ళు విచ్చుకోవడం మొదలైంది. నేను విప్పలేదు. అవే విచ్చుకున్నాయి. బస్తా మెట్టు మీద కూర్చుంది, బస్సులో సీటు దొరికినావిడలా, చాలా నింపాదిగా.

నువ్వు రానక్కర్లేదు. నాన్న మెషీన్ దగ్గరికి మనిషిని పెట్టాడు. నిన్ను రమ్మని పిలుస్తానన్నాడు కూడా, నేనే వద్దన్నాను. నీ కోసం కాదు. దుప్పటి రెండో కొస నువ్వు పట్టుకుంటే నేను దగ్గరకి నడిచి రాలేను. మధ్యాహ్నాలు దుకాణం ఆవిడ దగ్గర పనికి కుదురుకుంటున్నాను. అది నేను కోరుకున్నది కాదు. ఉన్నది.

పరీక్ష పెట్టినాయన మంచివాడు. నీళ్ళు ఇప్పించి, నా అరచేతులు తిప్పి చూశాడు.

"పట్టు బాగుందమ్మా. చేతులు అలిసిపోయి వచ్చావు. ఆఖరి వారం ఒంటికి విశ్రాంతి ఇవ్వమని ఎవరూ చెప్పలేదా?"

"చెప్పారండీ. నమ్మలేదు."

"అయ్యో. అయినా అయిదు నెల్ల ముందే తెలుసుగా నీకు. మొదటి మూడు నెలలూ ఏం చేశావు మరి?"

"నమ్మానండీ."

ఆయన రాయడానికి పెన్ను ఎత్తి, నా ఫలితం రాసే కాగితం వంక చూసి, మూత పెట్టేశాడు. అందులో దానికి గడి లేదు.